దుఃఖానికి వంత పాడేదెవరు?



2023 మార్చి 3న ‘బలగం’ సినిమా విడుదలైంది. ఆ తర్వాత కొద్ది వారాలకే తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెరలు కట్టారు. చాపలు పరుచుకుని, పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరంతా కలిసి ఆ సినిమా చూసింది. ఆఖరి పాట వచ్చేసరికి ముసలీ ముతకా, ఆడా మగా అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఏళ్ల తరబడి మాటల్లేని తోబుట్టువులు ఆ సినిమా చూశాక ఒకటయ్యారని పత్రికలు రాశాయి. ఆ పాట పాడినవారు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ. ఇద్దరూ బుడగజంగాల కళాకారులు. చనిపోయిన మనిషి బతుకును బంధువుల ముందు కథగా పాడడం వాళ్లకు తరతరాల విద్య.

సినిమాకు సంగీతం ఇచ్చిన భీమ్స్ సిసిరోలియో ఆ చోట వాద్యాల హోరు పెట్టలేదు. మొగిలయ్య ఎత్తుకుంటాడు, కొమురమ్మ అందుకుంటుంది. ఒక గొంతు ఆగిపోతుందేమో అనిపించే చోట ఇంకో గొంతు దాన్ని నిలబెడుతుంది. వినేవాళ్ల గుండె పట్టు తప్పేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. బరువైన సంగీతం, అంటే భయాన్నీ దుఃఖాన్నీ ఒంటరితనాన్నీ మోసే సంగీతం కట్టాలనుకునేవాళ్లు మొదట గమనించవలసింది ఆ అతుకునే. ఏడ్చే గొంతు ఒకటి ఉంటే సరిపోదు. దానికి బదులిచ్చే గొంతు కావాలి. మన జానపద కళాకారులు దాన్ని వంత అంటారు.

పాలకీడులోనో, హుజూర్‌నగర్‌లోనో, కోదాడలోనో ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక పాత గిటారు ఉన్న యువకుడు ఇలాంటి పాట కట్టాలనుకున్నాడనుకుందాం. అతనికి మెటల్ సంగీతం ఇష్టం. ఎలక్ట్రానిక్ శబ్దాలంటే మోజు. చెవుల్లో మాత్రం చిన్నప్పటి నుంచీ డప్పు, ఒగ్గు కథ, పీర్ల పండుగ పాటలు ఉన్నాయి. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవని చాలామంది అనుకుంటారు. లోపలి కట్టుబడి చూస్తే మూడూ దగ్గరి చుట్టాలే.

ముందుగా మెటల్ సంగతి. అది పుట్టింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో. టోనీ ఐయోమీ అనే కుర్రాడు పదిహేడేళ్ల వయసులో అక్కడి రేకుల కర్మాగారంలో పనిచేసేవాడు. మానేస్తున్న రోజు, చివరి షిఫ్టులో, యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగల మీద స్వరస్థానాలు నొక్కవలసింది ఆ తెగిన వేళ్లతోనే. ప్లాస్టిక్ కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటిపై తోలు అతికించుకుని మళ్లీ సాధన మొదలుపెట్టాడు. బిగుతు తీగలు నొక్కితే నొప్పి. అందుకని సన్నటి తీగలు వేశాడు. తర్వాత శ్రుతి కూడా కిందికి దించాడు. 1971లో అతని బ్లాక్ సబ్బాత్ బృందం మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటల్లో గిటారు శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. అతి మంద్రమైన తీగ మామూలుగా సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. ఇప్పుడది 69 అయింది. ఆ వదులు తీగ నుంచి వచ్చిన బరువైన నాదమే ఒక సంగీత శైలికి పునాది అయింది.

అదే బృందం మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు వచ్చింది. మొదటి పాట వాన చప్పుడుతో, గంట మోతతో మొదలవుతుంది. ఆ వెంటనే మూడు స్వరాలు. షడ్జం, దాని పైస్థాయి షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. అంతే. యూరప్‌లో షడ్జానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని అశాంతికి గుర్తుగా వింటారు. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కర్ణాటక సంగీతంలో 45వ మేళకర్త శుభపంతువరాళిలో ఉన్నదీ ప్రతి మధ్యమమే. పక్కన శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం చేరి ఆ రాగాన్ని శోకానికి పెట్టింది పేరుగా నిలబెట్టాయి. మెటల్ గిటారిస్టులు ఎక్కువగా తిరిగే స్వరవరుసలు కూడా మనకు తెలిసినవే. ఎనిమిదో మేళకర్త హనుమతోడి, ఇరవయ్యోది నటభైరవి, ఇరవయ్యొకటోది కీరవాణి. సంగీతం నేర్చుకున్న పల్లె పిల్లకు ఈ మెట్లు ముందే తెలుసు. గమకాలు తీసేసి, స్వరాన్ని నిటారుగా నిలబెట్టి వాయిస్తే అవే మెటల్ మెట్లు అవుతాయి.

ఇంకొంచెం లోపలికి వెళితే ఈ చుట్టరికం మరీ స్పష్టం. మెటల్‌లో గిటారు నాదాన్ని కావాలనే చీల్చుతారు. దాన్ని డిస్టార్షన్ అంటారు. అలా చీల్చిన నాదంలో మూడు నాలుగు స్వరాలు కలిపి మోగిస్తే అంతా బురద అవుతుంది. అందుకే గిటారిస్టులు షడ్జం, పంచమం రెండింటినే కలిపి మీటుతారు. దాన్ని పవర్ కార్డ్ అంటారు. షడ్జ పంచమాలు కలిపి మోగించే వాద్యం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అది తంబుర. తంబుర తీగల కింద జీవా అనే దారం పెట్టి నాదానికి జుమ్మనే ఒరిపిడి తెస్తారు. గిటారిస్టు అదే పని కరెంటుతో చేస్తాడు.

ఇక్కడ ఒక చిత్రం జరుగుతుంది. చీలిన నాదంలో షడ్జం సెకనుకు 110 కంపనాలు, పంచమం 165 కంపనాలు అయితే, రెండింటి తేడా 55 కూడా వినిపిస్తుంది. 55 అంటే అసలు షడ్జానికి ఒక స్థాయి కింద ఉన్న షడ్జం. దాన్ని ఎవరూ మీటలేదు. అయినా మోగుతుంది. మెటల్ సంగీతం గుండెల మీద కూర్చున్నట్టు అనిపించడానికి ఒక కారణం ఆ మీటని మంద్రస్వరమే. వాయించిన స్వరానికి అడుగు నుంచి అది వంత పలుకుతోంది.

ఇప్పుడు మన ఊళ్ల వైపు చూద్దాం.

చావు ఇంట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను వరస పెట్టి పిలుస్తూ, చేసిన మేలు, పడ్డ కష్టం, తీరని కోరిక ఒక్కొక్కటీ తలుస్తారు. చెవి పెట్టి వింటే ఆ ఏడుపులో కట్టు తెలుస్తుంది. ఊపిరి నిండుగా ఉన్నప్పుడు గొంతు పైనుంచి మొదలవుతుంది. ఊపిరి తరిగేకొద్దీ మెట్టు మెట్టుగా దిగి, చివరి అక్షరం దగ్గర కింద తేలుతుంది. ఈలోగా గడప దాటి ఇంకో బంధువు వస్తుంది. మెడ పట్టుకుని ఆమె తన రాగం అందుకుంటుంది. మొదటామెకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. పాశ్చాత్య సంగీతంలోనూ శోకానికి దిగే స్వరాలే వాడారు. పదిహేడో శతాబ్దంలో హెన్రీ పర్సెల్ తన ఒపెరాలో రాణి డైడో మరణగీతాన్ని మెట్టు మెట్టుగా దిగే మంద్రస్వరాల మీద కట్టాడు. ఆ వరుస మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంటే ఆమె గొంతు దాని పైన పాడుతుంది.

పాలకీడు మండలంలోనే ఉన్న జాన్‌పహాడ్ దర్గా చుట్టుపక్కల జిల్లాలన్నింటికీ తెలుసు. జనవరిలో ఉర్సుకు, గంధం ఊరేగింపుకు హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు. ఆ దర్గా మీది భక్తితో సైదులు అని పేరు పెట్టుకున్న మనిషి లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. రెండు మతాల గొంతులు కలిసే ఈ నేల మీద శోకసంగీతానికి ఇంకో పెద్ద బడి పీర్ల పండుగ. మొహర్రం రోజుల్లో తెలంగాణ పల్లెల్లో అలావ గుండం తవ్వి నిప్పు పెడతారు. దాని చుట్టూ అడుగు వేస్తూ హసన్, హుసేన్ల బలిదానాన్ని తలుస్తూ తెలుగులోనే పాడతారు. కులం, మతం చూడకుండా ఊరంతా అడుగు కలుపుతుంది. ఒకరు చరణం ఎత్తితే గుంపు పల్లవి అందుకుంటుంది. హైదరాబాద్‌లో జరిగే మాతంలో గుండెల మీద పడే చేతి దెబ్బే తాళం. మనిషి ఒళ్లే వాద్యం. ఏ డ్రమ్ మెషీనూ ఆ చప్పుడును అలా తీయలేదు. అది విన్న కుర్రాడికి తాళమంటే వేగం ఒక్కటే కాదని, బరువు కూడా అని తెలుస్తుంది.

ఇక డప్పు. గుండ్రటి కర్ర చట్రానికి మేకతోలు బిగించి చేస్తారు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్రతో నిండు దెబ్బ, పుల్లతో చురుకు దెబ్బ. పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి, చావుకు ఒకటి. దరువు వింటే చాలు, ఏ కబురో ఊరికి తెలిసిపోతుంది. వాయించే ముందు గడ్డి మంట దగ్గర డప్పును కాస్తారు. తోలు వేడికి బిగుసుకుని గణగణమంటుంది. వాయిస్తూ పోతే చల్లారి వదులవుతుంది, స్వరం దిగుతుంది. కళాకారులు మళ్లీ మంట దగ్గరికి పోతారు. బర్మింగ్‌హామ్ కుర్రాడు తీగను వదులు చేసి సాధించిన మంద్రం, చల్లారుతున్న డప్పు తోలులో దానంతట అదే వస్తుంది. రికార్డింగ్ చేసేవాళ్లు కాచిన డప్పును మాత్రమే పట్టుకుంటారు. చల్లారుతున్న డప్పును కూడా పావుగంట సేపు అలాగే రికార్డు చేస్తే, ఒక పాటకు సరిపడా దిగులు అందులో దొరుకుతుంది.

సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి జాతర, అదే పెద్దగట్టు జాతర, రెండేళ్లకోసారి జరుగుతుంది. గజ్జెల లాగులు తొడిగిన యాదవులు, భేరీల మోత, వేల గొంతుల్లో ఓలింగా నాదం. అది భక్తి సంబరం, శోకం కాదు. అయినా వేల గజ్జెలు ఒకే అడుగుకు పడినప్పుడు పుట్టే ఆ దట్టమైన నాదం నుంచి మెటల్ డ్రమ్మర్ నేర్చుకోవలసింది చాలా ఉంది. ఒగ్గు కథ సంగతీ అంతే. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య లాంటి మహా కళాకారుడు బీరప్ప కథో, మల్లన్న కథో చెబుతుంటే పక్కన డోలు, తాళాలు, వంత గొంతు ఉండేవి. ప్రధాన కథకుడు దుఃఖ ఘట్టం చెప్పి ఒక్క క్షణం ఆగుతాడు. వంతకాడు ఆ చివరి మాటను పట్టుకుని సాగదీస్తాడు. ప్రేక్షకులు ఏడ్చేది ఆ సాగదీతలోనే.

పాత నల్లగొండ జిల్లా సుద్దాలకు చెందిన సుద్దాల హనుమంతు ఇంకో దారి చూపాడు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పశువులు కాసే జీతగాడి మీద ఆయన రాసిన పాటను 1979 నాటి ‘మాభూమి’ సినిమాతో తెలుగువాళ్లంతా విన్నారు. ఆ పాటంతా ఆ పిల్లవాడిని అడిగే ప్రశ్నలే. వాడు ఒక్కదానికీ బదులు చెప్పడు. చెప్పలేడు. వంత రావలసిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని వినేవాడే నింపుకోవాలి. బదులిచ్చే గొంతును తీసేయడం కూడా సంగీతకర్త చేతిలో ఉన్న పనిముట్టే అని ఈ పాట నేర్పుతుంది.

ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాకు కొమురం భీము పాట రాశారు. కీరవాణి స్వరపరిచారు. కాలభైరవ పాడారు. ఆ గాత్రానికి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గాయకుడి బహుమతి వచ్చింది. తెర మీద కొరడా దెబ్బలు తింటున్న భీము మోకరిల్లకుండా పాడతాడు. మొదట్లో గొంతే ప్రధానం. అడవి బిడ్డ పాడుకునే జానపద వరుస. పాట సాగేకొద్దీ వాద్యబృందం వెనక నుంచి కమ్ముకుంటుంది. చూస్తున్న జనం మొదట మౌనంగా ఉంటారు, చివరికి కట్టలు తెంచుకుంటారు. అక్కడ వంత పాడింది జనం తిరుగుబాటే. జానపద బాణీకి భారీ వాద్యాలు తోడు చేయాలనుకునే ఎవరికైనా ఈ పాట ఒక మంచి పాఠం. పెద్ద శబ్దాన్ని ఎంతసేపు ఆపి ఉంచారో, ఏ మాట దగ్గర వదిలారో గడియారం పెట్టుకుని గమనించాలి.

ఎలక్ట్రానిక్ సంగీతంలో ఈ వంత పని ఎవరు చేస్తారు? యంత్రమే. 1978లో జాన్ కార్పెంటర్ అనే అమెరికన్ దర్శకుడు ‘హాలోవీన్’ అనే భయానక చిత్రం తీశాడు. చేతిలో డబ్బు తక్కువ. సంగీతం తానే కట్టుకున్నాడు. పియానో, సింథసైజర్, అయిదు లెక్క మీద నడిచే ఒక చిన్న వరుస. ఆ అయిదు లెక్కను చిన్నప్పుడు సంగీత అధ్యాపకుడైన తండ్రి బాంగో డోళ్ల మీద నేర్పాడు. మన లెక్కలో అది ఖండ నడకకు దగ్గర. నాలుగుకు అలవాటుపడిన కాలు అయిదో అక్షరం దగ్గర తడబడుతుంది. ఆ తడబాటు ఆగకుండా తిరుగుతూ ఉంటే భయం. తెలుగులో 1992లో రాంగోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ చిత్రానికి నేపథ్య సంగీతం కట్టినవాడు మణిశర్మ. తర్వాతి కాలంలో మాస్ పాటలకూ, మెలోడీలకూ పేరుపడ్డ ఆయన తొలినాళ్లలో భయాన్ని స్వరాల్లో పట్టే విద్య చూపించాడు.

సింథసైజర్‌తో దిగులు పుట్టించే అతి తేలికైన ఉపాయం ఒకటుంది. ఒక నాదాన్ని సెకనుకు 110 కంపనాలకు పెట్టాలి. రెండోదాన్ని 110.5కు. రెండూ కలిపి మోగిస్తే రెండు సెకన్లకోసారి శబ్దం పొంగి తగ్గుతుంది. కావాలంటే తేడాను ఇంకా తగ్గించి, నిద్రపోతున్న మనిషి ఊపిరంత నెమ్మది చేయవచ్చు. శ్రుతి సరిగా కలవని రెండు తంబురలు పక్కపక్కన మోగుతున్న అనుభూతి. మంద్రంగా, పొడుగ్గా సాగే ఈ నాదాన్ని డ్రోన్ అంటారు. మిర్యాలగూడలో రైసు మిల్లుల వీధిలో నిలబడినా, కృష్ణ ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీల పక్క ఊళ్లో రాత్రి పడుకున్నా చెవిలో పడే ఆ ఆగని హోరు కూడా డ్రోనే. బర్మింగ్‌హామ్ కుర్రాళ్ల చెవులను తీర్చిదిద్దిన ఫ్యాక్టరీ మోత లాంటిది ఇక్కడా ఉంది. ఫోనులో రికార్డు చేసి, వేగం సగానికి తగ్గించి వింటే అది ఒక స్థాయి కిందికి దిగి మేఘగర్జనలా పలుకుతుంది.

ఈ శైలుల మధ్య గోడలు ఎంత పలచనివో ఇద్దరు ముగ్గురు విదేశీ కళాకారులను చూస్తే తెలుస్తుంది. నార్వేకు చెందిన ఐనార్ సెల్విక్ గోర్గరోత్ అనే బ్లాక్ మెటల్ బృందంలో డ్రమ్స్ వాయించాడు. 2003లో వార్డ్రూనా అనే బృందం మొదలుపెట్టి, తమ దేశపు పాత తంత్రీవాద్యాలు, కొమ్ములు, తోలు డోళ్ల వైపు మళ్లాడు. మొదటి ఆల్బమ్ 2009లో వచ్చింది. విద్యుత్ గిటారు పోయినా బరువు తగ్గలేదు. అమెరికాలో ట్రెంట్ రెజ్నర్ 1994లో యంత్రాల రొదతో కట్టిన ‘హర్ట్’ అనే పాటను, 2002లో జానీ క్యాష్ అనే వృద్ధ గాయకుడు గిటారు, పియానోలతో పాడాడు. బాణీ అదే, మాట దాదాపు అదే. మొదటిది కుర్రాడి నిస్పృహ, రెండోది ముసలివాడి వీడ్కోలు. పాట గట్టిదైతే శైలి మార్చినా నిలుస్తుందనడానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకదు.

మన దగ్గర హైదరాబాద్‌కు చెందిన గాడ్‌లెస్ బృందం 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి డెత్ మెటల్ ఆల్బమ్ తెచ్చింది. ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్ బృందం ఢోల్‌ను, హిందీ పంజాబీ మాటలను మెటల్‌తో కలిపి 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది. 2022లో ‘రక్షక్’ ఆల్బమ్ విడుదల చేసింది. మొదటి బృందం శైలి నియమాన్ని నిష్ఠగా పాటించింది. రెండోది తన నేల తాళాన్ని నడిమధ్యకు తెచ్చింది. రెండూ నిజాయితీ గల దారులే. డప్పు ముందు నిలబడి, ఒగ్గు కథలోలా ప్రధాన గొంతు, వంత గొంతు కలిసి నడిచే తెలుగు మెటల్‌కు మాత్రం ఇంకా చాలా చోటుంది. ఆ చోటును నింపవలసింది ఈ ప్రాంతపు పిల్లలే.

ఇప్పుడు పని ఎలా చేయాలో చూద్దాం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టులో నీరందక ఎండిన మడి మీద పాట అనుకుందాం. చాలామంది ముందు కంప్యూటర్‌లో తాళం పెట్టుకుని, దాని గడుల్లో గొంతును ఇరికిస్తారు. శోకానికి ఆ పద్ధతి పనికిరాదు. ఊపిరి ఎప్పుడు తెగుతుందో యంత్రానికి తెలియదు. కాబట్టి ముందు గొంతు. మెట్రోనోమ్ లేకుండా, శ్రుతి ఒక్కటి చెవిలో పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒకే దమ్ములో పాడి రికార్డు చేయాలి. తర్వాత రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గొంతు నడకను అనుసరించి తాళం గీతలను జరపాలి. గొంతు ఆగినచోట లెక్క సాగాలి, తొందరపడినచోట లెక్క తగ్గాలి. దీన్ని టెంపో మ్యాప్ అంటారు. ఓపిక కావాలి, కానీ యంత్రం మనిషి వెనక నడుస్తుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ ఉచితంగా దొరుకుతాయి.

రెండో మెట్టు, వంత ఎవరిదో తేల్చుకోవడం. ఎండిన మడికి బదులిచ్చేది రైతు భార్యా, ఎగువన నీళ్లు పారిన ఊరి మనిషా, కాలువేనా? భార్య అయితే ఆడగొంతు, రైతు గొంతుకు అర సెకను వెనకగా. కాలువ అయితే మాట లేని సింథసైజర్ నాదం. ఎగువ మనిషి అయితే గిటారు, కటువుగా. ఈ నిర్ణయం జరగనంత వరకూ ఒక్క వాద్యమూ చేర్చకూడదు. చాలా పాటలు ఇక్కడే చెడిపోతాయి. సాఫ్ట్‌వేర్‌లో వందల శబ్దాలు ఉన్నాయి కదా అని అన్నీ దించేస్తారు. అన్నీ ఒకేసారి మాట్లాడితే ఎవరూ ఎవరికీ బదులివ్వనట్టే.

మూడోది, గిటారు. శ్రుతి దించి, షడ్జ పంచమాలే వాడి, రైతు గొంతు ఆగిన చోట మాత్రమే రావాలి. గొంతు మీద కూర్చోకూడదు. చిన్న ఫోను స్పీకర్లు అతి మంద్రస్వరాలను పలకలేవు. గిటారు చీలికలో పుట్టే పై స్వరాలు ఉంటేనే చెవి ఆ మంద్రాన్ని ఊహించుకుంటుంది. ఊళ్లో వినేది ఎక్కువగా ఫోన్లలోనే కాబట్టి చివరి మిశ్రణం ఫోనులో కూడా విని చూడాలి. నాలుగోది, డప్పు. ఇంటర్నెట్‌లో దొరికే తయారు ముక్కను తిప్పి తిప్పి వాడితే ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. కళాకారుడి చేతిలో ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలూ ఆయనతోనే వాయింపించాలి. మైకు డప్పుకు ఆనించకుండా ఆరడుగుల దూరంలో పెడితే చుట్టూ ఉన్న గాలి కూడా రికార్డవుతుంది.

అయిదోది, శబ్దం ఎంత పెద్దగా ఉండాలన్నది. పాట మొత్తాన్ని నొక్కి నొక్కి గట్టిగా చేస్తే మిగతావాటికంటే ముందుంటుందని ఒక అపోహ. యూట్యూబ్, స్పాటిఫై లాంటివి అన్ని పాటలనూ దాదాపు ఒకే స్థాయికి సరిచేస్తాయి. ఎక్కువ గట్టిగా పంపితే అవే తగ్గిస్తాయి. అప్పుడు పోయేది నెమ్మదికీ గట్టికీ మధ్య ఉన్న తేడా. శోకసంగీతం బతికేదే ఆ తేడాలో.

ఈ పనంతటికీ మూలధనం ఊళ్లలోని కళాకారుల గొంతులు, చేతులు. వాళ్ల పరిస్థితి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించడం అన్యాయం. ‘బలగం’ మొగిలయ్య దేశమంతా పేరు వచ్చిన తర్వాత కూడా మూత్రపిండాల జబ్బుతో పోరాడి 2024 డిసెంబర్ 19న కన్నుమూశారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారుడు. ‘భీమ్లానాయక్’ పాటతో అందరికీ తెలిశారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన కూలి పనికి వెళుతున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. కిన్నెర డక్కలివాళ్లది, డప్పు మాదిగలది, ఒగ్గు కురుమ గొల్లలది. తరాల అవమానం మధ్య వాళ్లు ఈ నాదాలను కాపాడారు. ఆ నాదాన్ని ఫోనులో పట్టుకుని, పేరు లేకుండా, పైసా ఇవ్వకుండా పాటలో పెట్టుకోవడం దొంగతనం కిందికే వస్తుంది. చావు ఇంట్లో ఏడుపును రహస్యంగా రికార్డు చేయడం అంతకంటే తప్పు.

చేయవలసిన పద్ధతి కష్టమేమీ కాదు. రికార్డింగ్‌కు ముందే ఎందుకు వాడతారో తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ రోజు కూలి చేతిలో పెట్టాలి. పాటకు ఆదాయం వస్తే వాటా ఎంతో కాగితం మీద రాసుకోవాలి. విడుదల చేసేటప్పుడు ప్రధాన గాయకుడి పేరు పక్కనే వంత పాడినవారి పేరు, డప్పు వాయించినవారి పేరు, వాళ్ల ఊరి పేరు వేయాలి. రికార్డు చేసిన అసలు శబ్దం ఒక ప్రతి ఆ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. వాళ్ల పిల్లలకు అది రేపు పాఠ్యపుస్తకం అవుతుంది.

పెద్దగట్టు జాతర 2025 ఫిబ్రవరిలో జరిగింది. రెండేళ్ల లెక్కన మళ్లీ 2027లో. జాన్‌పహాడ్ ఉర్సు ఏటా జనవరిలో ఉంటుంది. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో గిటారు పట్టినవాళ్లు, కంప్యూటర్‌లో శబ్దాలు చేసేవాళ్లు ఈలోగా తమ ఊరి డప్పు కళాకారుల దగ్గరికి, ఒగ్గు కథకుల దగ్గరికి వెళ్లి, ముందు ఒక రాత్రి పూర్తిగా కూర్చుని కథ వినాలి. ఏ ఘట్టం దగ్గర కథకుడు ఆగాడో, వంతకాడు ఏ మాట అందుకున్నాడో నోటు పుస్తకంలో రాసుకోవాలి. పాట కట్టే పని ఆ పుస్తకంతో మొదలుపెట్టవచ్చు.